చిలక ఎగిరిపోయాక కొమ్మ ఉండాలి

పిల్లల కథల యాప్ ఒకటి చేస్తున్నాం. మొదటి కథలో జామ చెట్టు, కొమ్మ మీద ఒక చిలక. పిల్లలు వేలితో తాకితే చిలక రెక్కలు విప్పి ఎగిరిపోవాలి. బొమ్మ ఏలూరు నుంచి వచ్చింది. ఆకుల మీద ఎండ పడుతున్న తీరు చూసి మా ఆఫీసులో అందరం కాసేపు మాట్లాడకుండా ఉండిపోయాం. అంత బాగుంది. ఫైలును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. తెర మీద అమర్చి, నొక్కితే పనిచేసే నమూనా, అంటే ప్రోటోటైప్, చేశాను. ప్రోటోటైప్ నడిపించి చిలకను నొక్కాను. చిలక ఎగిరింది. కొమ్మ మీద అచ్చం చిలక ఆకారంలో తెల్లటి కన్నం మిగిలింది.

ఆ బొమ్మ గీసినాయన్ను నేను మాస్టారు అనే పిలుస్తాను. వయసులో నాకు తండ్రి లాంటివారు. కుర్రతనంలో సినిమా బ్యానర్లకు రంగులు వేశారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో కూర్చుని ఫొటోషాప్ నేర్చుకున్నారు. శుభలేఖలు, పుస్తకాల అట్టలు, క్యాలెండర్లు చేశారు. ఇప్పుడు ఇంటి దగ్గర పెన్ టాబ్లెట్ పెట్టుకుని పిల్లల బొమ్మలు గీస్తున్నారు. చేతిలో ఉన్న విద్య చెక్కు చెదరలేదు.

ఫోన్ చేసి కన్నం సంగతి చెప్పాను.

"చిలక వెనకాల ఏముందో ఎవరు చూస్తారమ్మా? అక్కడ చిలక ఉంటుందిగా," అన్నారు.

"ఎగిరిపోతుంది మాస్టారూ."

ఆయన రెండు క్షణాలు ఆగారు. "ఎగిరిపోతుందని నువ్వు నాకు చెప్పలేదమ్మా," అన్నారు.

నిజమే, చెప్పలేదు. కథ చెప్పాను. తెర కొలత చెప్పాను, రంగులు చెప్పాను. ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది మాత్రం చెప్పలేదు. అచ్చు వేసే బొమ్మలో కదిలేది ఏదీ ఉండదు కాబట్టి, చిలక కప్పేసే కొమ్మ ముక్కను ఆయన రబ్బరుతో చెరిపేశారు. ఏళ్ల తరబడి అలవాటు అది, అచ్చుకు సరైన అలవాటే.

ఆ ఫైలును చక్కదిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఈ వ్యాసం ఆ నాలుగు రోజుల గురించే. లేయర్లున్న, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలున్న, బొమ్మ ఫైలును యాప్ తెరలు చేసే ఇంటర్‌ఫేస్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తేవడానికి సిద్ధం చేయడం అనే పనిని మన దగ్గర చాలామంది చివర్లో చేసే శుభ్రం పనిగా చూస్తారు. ఇంటర్న్‌కు అప్పగిస్తారు. లేకపోతే సాఫ్ట్‌వేర్‌కు తగిలించే ఏ చిన్న ప్రోగ్రామో, అంటే ప్లగినో, చూసుకుంటుందని వదిలేస్తారు. అది బొమ్మ గీయడంలో భాగమని నేను నమ్ముతున్నాను. కుంచె పట్టక ముందే గీసేవాళ్లూ తెర చేసేవాళ్లూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ పనికి విడిగా డబ్బులు ఇవ్వాలి.

"ఇప్పుడు పీఎస్‌డీలు ఎవరు వాడుతున్నారు?" అని అడిగేవాళ్లున్నారు. పీఎస్‌డీ అంటే లేయర్లతో సహా దాచిన ఫొటోషాప్ ఫైలు. బటన్లు, ఫారాలు, మెనూల విషయంలో వాళ్ల మాట సబబే. ఒకప్పుడు తెర మొత్తాన్ని ఫొటోషాప్‌లోనే గీసేవాళ్లం. 2010లో తెరల డిజైన్ కోసం స్కెచ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెరలు గీసే తన పాత సాఫ్ట్‌వేర్ ఫైర్‌వర్క్స్‌ను ఇక ముందుకు తీసుకెళ్లబోమని ఫొటోషాప్ చేసే అడోబి 2013లో చెప్పేసింది. 2016లో స్కెచ్ లాంటిదే అయిన ఫిగ్మా అందరికీ తెరుచుకుంది. అదే ఏడాది అడోబి వాళ్ల ఎక్స్‌డీ తొలి రూపం బయటికొచ్చింది. ఆ తర్వాత ఫొటోషాప్‌లో బటన్ గీసేవాళ్లు దాదాపు లేరు. కానీ బొమ్మలు గీసేవాళ్లు ఎక్కడికీ పోలేదు. కుంచె గీతలు, ఫొటోలు, నీడలు, రంగుల పొరలు ఉన్న పనికి ఇప్పటికీ ఫొటోషాప్ లాంటి సాఫ్ట్‌వేరే కావాలి. ఆటలకు, పిల్లల యాప్‌లకు, పండగ బ్యానర్లకు, సినిమా పోస్టర్ పెట్టుకునే టికెట్ పేజీలకు బొమ్మ పీఎస్‌డీగానే వస్తుంది. ఫిగ్మా స్కెచ్ ఫైలును నేరుగా తీసుకుంటుంది గానీ పీఎస్‌డీకి ప్లగిన్ కావాలి. ఎక్స్‌డీ పీఎస్‌డీని నేరుగానే తెరిచేది, 2023 నుంచి దానికి కొత్త హంగులు ఆగిపోయాయి. అంటే దారి గతం కంటే ఇరుకైంది. దారి ఇరుకైనప్పుడు మూటను జాగ్రత్తగా కట్టుకోవాలి.

పీఎస్‌డీ లోపల ఏముంటుందో తెలిస్తే ఎక్కడ తెగుతుందో కూడా తెలుస్తుంది. ఫొటోషాప్‌కు లేయర్లు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చాయి. 1996లో కింది పొరల రంగునూ వెలుగునూ మార్చే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు, 1998లో నీడలూ మెరుపులూ వేసే లేయర్ ఎఫెక్ట్‌లు, 2005లో ఇంకో బొమ్మను చెడకుండా లోపల దాచుకునే స్మార్ట్ ఆబ్జెక్ట్‌లు చేరాయి. ఇలా తర్వాత చేరినవి చాలావరకు ఫైలులో పిక్సెల్స్‌గా ఉండవు. "ఇక్కడ ఇంత నీడ వేయి, ఈ పొరకు ఇంత పసుపు కలుపు" అనే ఆదేశాలుగా ఉంటాయి. పెళ్లి వంటకు వంటమాస్టర్ రాసిచ్చే చీటీ లాంటివి. ఆ చీటీని రాసిన చేయి ఫొటోషాప్‌ది. ఇంకో సాఫ్ట్‌వేర్ అదే చీటీ పట్టుకుని తన పొయ్యి మీద తన గిన్నెల్లో వండుతుంది. కొన్ని దినుసులు దాని దగ్గర అసలు ఉండవు.

కొన్ని లేయర్లను ఒకచోట కలిపి పెట్టే గ్రూప్ సంగతే చూడండి. మనకు అది ఫోల్డర్‌లా కనిపిస్తుంది. ఫైలులో మాత్రం అలాంటి పెట్టె ఏదీ లేదు. "ఇక్కడ గ్రూప్ మొదలు", "ఇక్కడ ముగింపు" అని చెప్పే రెండు ప్రత్యేక లేయర్లు, వాటి మధ్య మామూలు లేయర్లు, అంతే. క్లిప్పింగ్ మాస్క్ ఇంకా చిన్నది. ప్రతి లేయర్ సమాచారంలో ఒకే ఒక్క బైట్ ఉంటుంది. అది సున్నా అయితే లేయర్ స్వతంత్రం. ఒకటి అయితే కింది లేయర్ ఆకారానికి లోబడి కనిపించాలి. చిలక రెక్క మీద మాస్టారు వేసిన పచ్చ ఛాయలన్నీ ఆ ఒక్క బైట్ మీద ఆధారపడ్డాయి. నేను వాడిన ప్లగిన్ దాన్ని పట్టించుకోలేదు. రెక్కలోపల ఉండాల్సిన పచ్చ రంగు ఆకాశం మీదికి పొంగి పారింది.

మంచి తెరపనికి ఎక్కువ దెబ్బ నీడల దగ్గర తగులుతుందని నా అనుభవం. గీసేవాళ్లు నీడను ఒక ముదురు రంగుతో వేసి, ఆ లేయర్‌ను కింది రంగుతో గుణించి ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెడతారు. ఫొటోషాప్‌లో గ్రూప్‌లు మామూలుగా పాస్ త్రూ మోడ్‌లో ఉంటాయి కాబట్టి లోపలి నీడ గ్రూప్ దాటి కింద ఉన్న నేల మీద కూడా పడుతుంది. తీసుకునే సాఫ్ట్‌వేర్ ఆ గ్రూప్‌ను విడి గదిలా చూస్తే, నీడకు కలవడానికి కింద ఏమీ దొరకదు. అప్పుడది నీడగా కాకుండా బూడిద రంగు మచ్చలా కూర్చుంటుంది. మా జామ చెట్టు కింద అలాంటి మచ్చలు 11 వచ్చాయి. ఇవికాక, పై పొర రంగు కింది పొరతో ఎలా కలవాలో చెప్పే మల్టిప్లై లాంటి బ్లెండ్ మోడ్‌ల లెక్కే వేరు. ఫొటోషాప్‌లో లేయర్లకు 27 మోడ్‌లున్నాయి. వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ భాషలో మొదట నిర్వచించినవి 16. వివిడ్ లైట్, పిన్ లైట్, హార్డ్ మిక్స్ లాంటివి ఆ 16లో లేవు. ఫొటోషాప్‌లో ఎంత అందంగా కనిపించినా వాటికి వెబ్ తెర మీద చోటు లేదు.

నీడకు ఒక తేలికైన ఉపాయం ఉంది. ఎవరైనా నాకు పదేళ్ల కిందట చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో. నీడ రంగు పూర్తి నలుపు అయితే మల్టిప్లై అవసరమే లేదు. నలుపుతో దేన్ని గుణించినా నలుపే వస్తుంది. కాబట్టి 30 శాతం ఒపాసిటీతో, అంటే అంత మేరకే కనిపించేలా, మల్టిప్లైలో ఉన్న నలుపూ, అదే 30 శాతంతో నార్మల్‌లో ఉన్న నలుపూ ఒకేలా కనిపిస్తాయి. నార్మల్ మోడ్ ఎక్కడికి తీసుకెళ్లినా నార్మలే. రంగు నీడలు, అంటే మాస్టారు వేసే ఊదా నీడల లాంటివి, అయితే ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ రెండే దారులు. నీడ కదలకపోతే దాన్ని నేలతో కలిపేయాలి. కదిలేదైతే నార్మల్ మోడ్‌లోనే మళ్లీ రంగు చూసుకుంటూ వేయాలి.

అడ్జస్ట్‌మెంట్ లేయర్లు దాదాపు ఎప్పుడూ రావు. బొమ్మ మీద సాయంత్రపు ఎండ తేవడానికి పైన ఒక కర్వ్స్ లేయర్, ఒక ఫొటో ఫిల్టర్ పెట్టి ఉంటారు. అవి ఊడిపోతే సాయంత్రం కాస్తా మిట్టమధ్యాహ్నం అవుతుంది. పోనీ అన్నీ మెర్జ్ చేద్దామంటే చిలక కూడా కొమ్మకు అతుక్కుపోతుంది. దీనికి ఓపికే మందు. కదిలే ప్రతి వస్తువుకూ ఆ అడ్జస్ట్‌మెంట్‌ను కాపీ చేసి, దానికే క్లిప్ చేసి, ఆ జంటను మెర్జ్ చేసుకోవాలి. చిలకకు ఒకసారి, రెక్కకు ఒకసారి, జామకాయకు ఒకసారి. ఇది చేసేది ఎప్పుడూ కాపీ ఫైలు మీదే. మాస్టారి అసలు ఫైలును నేను తాకను. "మూలం" అని ఒకటి, "తెరకు" అని ఒకటి, రెండు ఫైళ్లు ఉండాల్సిందే. రేపు సాయంత్రాన్ని రాత్రి చేయమంటే మూలం కావాలి.

ఫిల్ అనే చిన్న స్లైడర్ కూడా ఉంది, ఒపాసిటీ పక్కనే. ఫిల్‌ను సున్నా చేస్తే లేయర్ కనిపించదు, దాని ఎఫెక్ట్‌లు మాత్రం కనిపిస్తాయి. గాజు బుడగలు, నీటి చుక్కలు అలాగే చేస్తారు. ఒపాసిటీని చదివి ఫిల్‌ను వదిలేసే ప్లగిన్లను నేను చూశాను. నీటి చుక్క ఉండాల్సిన చోట తెల్లటి గుండ్రటి బిళ్ల వస్తుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లదీ ఇదే బాధ, లోపల ఎంత పెంచినా చెదరని వెక్టర్ గీతలు ఉన్నా బయటికి వచ్చేది పిక్సెల్ బొమ్మే. లోగోలూ ఐకాన్లూ అలా ఉంటే ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైలుగా విడిగా అడిగి తీసుకోవడం మేలు.

అచ్చు పని నుంచి వచ్చినవాళ్ల ఫైళ్లలో ఇంకో రెండు సంగతులు తప్పకుండా ఉంటాయి. ఒకటి 300 పీపీఐ, అంటే ఇంచీకి 300 పిక్సెల్స్. ఏ4 కాగితం 300 పీపీఐలో 2480 పిక్సెల్స్ వెడల్పు, 3508 పిక్సెల్స్ ఎత్తు. తెరకు ఇంచీలతో పని లేదు, పిక్సెల్సే కొలత. కానీ అక్షరాల సైజు పాయింట్లలో ఉండటం వల్ల తేడా వస్తుంది. 300 పీపీఐ ఫైలులో 12 పాయింట్ల అక్షరం నిజానికి 50 పిక్సెల్స్ ఎత్తు. ఇక్కడ 12 అని కనిపించింది అక్కడ 50 అని కనిపిస్తే డెవలపర్ కంగారు పడటం సహజం. ఇమేజ్ సైజ్‌లో రీశాంపుల్ టిక్కు తీసేసి 72 పెడితే పిక్సెల్స్ మారవు, అంకెలు మాత్రం దారికి వస్తాయి. ఏ3లో గీస్తే ఎత్తు 4961 పిక్సెల్స్. ఫిగ్మాలో బొమ్మ ఏ వైపూ 4096 దాటకూడదు, దాటితే అది తనంతట తానే కుదించేస్తుంది. ఏది ఎంత తగ్గాలో మనం ముందే తేల్చుకోవాలి.

రెండోది సీఎంవైకే, అంటే అచ్చు సిరాల రంగుల పద్ధతి. ఫైలును తెర రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలోకి మార్చేటప్పుడు కొన్ని అడ్జస్ట్‌మెంట్ లేయర్లు పోతాయని ఫొటోషాప్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా ఓకే కొట్టేస్తే తర్వాత వెతుక్కోవాల్సి వస్తుంది. పైగా బ్లెండ్ మోడ్‌ల లెక్క రెండు రంగుల పద్ధతుల్లో వేరుగా ఉంటుంది, అదే మల్టిప్లై వేరే ఛాయ ఇస్తుంది. ఒకసారి మార్చాక సరిచేసుకునే బదులు తెర కోసం గీసేది మొదటి గీత నుంచీ ఆర్‌జీబీలో, తెరలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో గీయాలి. ఈ ఒక్క మాట ముందు చెబితే చాలు.

కాన్వాస్, అంటే బొమ్మ చట్రం, బయట మిగిలిపోయిన పిక్సెల్స్ గురించి కూడా చెప్పాలి. పీఎస్‌డీలో ప్రతి లేయర్‌కూ సొంత హద్దులు ఉంటాయి, అవి కాన్వాస్ దాటి ఎంతైనా పోవచ్చు. మాస్టారి మబ్బు ఒకటి తెర వెడల్పుకు మూడింతలుంది. తెర మీద కనిపించేది దాని అంచు మాత్రమే. అదంతా డిజైన్ ఫైలులోకి వచ్చి కూర్చుంది, తెర ఈడ్చుకుంటూ నడిచింది. మొత్తం సెలెక్ట్ చేసి క్రాప్ చేస్తే ఆ బయటి భాగం పోతుంది. కానీ ఆగండి. ఆ మబ్బు నెమ్మదిగా జరగాల్సిన మబ్బు అయితే? అప్పుడు బయటి భాగమే కావాలి. క్రాప్ చేయాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. మబ్బు జరుగుతుందా లేదా అన్నది తెలిసిన మనిషే చెప్పాలి.

పేర్ల దగ్గరికి వద్దాం. మాస్టారి ఫైలులో 212 లేయర్లున్నాయి. అందులో "లేయర్ 14 కాపీ 3" లాంటి పేర్లే ఎక్కువ. ఏది కుడి రెక్కో ఏది ఎడమ రెక్కో తెలుసుకోవడానికి ఒక్కోదాని కన్ను మూసి తెరిచి చూడటంతోనే ఒక రోజు గడిచింది. లేయర్ పేరు అలంకారం కాదు. 2013 నుంచి ఫొటోషాప్‌లో జనరేటర్ అనే వసతి ఉంది. దాన్ని ఆన్ చేసి లేయర్ పేరు చివర డాట్ పీఎన్‌జీ అని రాస్తే ఆ లేయర్ బొమ్మగా తనంతట తానే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. ఫొటోషాప్‌లో పెట్టిన పేరే డిజైన్ ఫైలులోకీ, అక్కడి నుంచి కోడ్‌లోకీ వెళ్తుంది. డెవలపర్ ఆ పేరుతోనే చిలకను పిలుస్తాడు.

పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవాలని నాకూ ఉంటుంది. కానీ పీఎస్‌డీలో లేయర్ పేరు రెండు చోట్ల ఉంటుంది. మొదటిది పాత పద్ధతి, అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో అంకె కేటాయించే యూనికోడ్ రాకముందరి అక్షరాలది. రెండోది తర్వాత చేర్చిన యూనికోడ్ పేరు. రెండోది చదివే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు చక్కగా వస్తుంది. మొదటిదే చదివే వాటిలో ప్రశ్నార్థకాలు వస్తాయి. అందుకని మేం తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటాం. చిలక, కుడిరెక్క, కొమ్మ, నీడ. మాస్టారికీ మాకూ డెవలపర్‌కూ అందరికీ అర్థమయ్యే మాటలు. "వింగ్ ఆర్" అని రాయమని ఆయన్ను ఇబ్బంది పెట్టాల్సిన అవసరం ఏముంది?

ఇక తెలుగు అక్షరాలు. ఇది నాకు చాలా దగ్గరి సంగతి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పని జరిగింది, ఇంకా జరుగుతోంది. అచ్చులో ఎన్నో పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు వాటి మీదే నిలబడ్డాయి. కానీ ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో తెలుగు ముక్కలను పెట్టారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో కథ పేరు అందంగా కనిపిస్తుంది. ఫాంట్ లేని నా కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తుల వరుస అవుతుంది. మాస్టారి ఫైలులో కథ మొత్తం, 14 పేజీల వచనం, అలాగే వచ్చింది.

ఇలాంటప్పుడు అందరూ వెళ్లే దారి ఒకటుంది. టెక్స్ట్‌ను రాస్టరైజ్ చేసి బొమ్మగా పంపేయడం. చూడటానికి ఏ తేడా ఉండదు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. బొమ్మగా మారిన తెలుగును, తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ మామూలుగా చదవలేదు. చూపు లేని పాపకు ఆ కథ లేనట్టే. దాన్ని వెతకలేం, పెద్దది చేస్తే మసకబారుతుంది, అచ్చుతప్పు ఒకటి దొరికితే మళ్లీ ఏలూరు ఫోన్ చేయాలి. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన భాషను పిల్లలకు ఫొటోగా చూపించడం నాకు బాధగా ఉంటుంది. కథ పేరును ప్రత్యేకంగా చేతిరాతతో గీశారనుకోండి, అది బొమ్మే, దానికి వెనకాల చదివే మాట జత చేస్తే సరిపోతుంది. వచనం మాత్రం వచనంగానే ఉండాలి.

యూనికోడ్‌లో ఉన్నంత మాత్రాన పని అయిపోదు. "రాష్ట్రం" అనే మాటలో మనకు కనిపించేవి రెండు అక్షరాలే గానీ లోపల 8 యూనికోడ్ గుర్తులున్నాయి. వాటిని కలిపి ఒత్తులుగా పేర్చే పని టెక్స్ట్ ఇంజిన్‌ది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా లిపుల ఎంపిక వేసుకోకపోతే ఆ మాట పొల్లు అక్షరాలుగా విడిపోయి కనిపించేది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది, దాన్ని సరిచేయడానికి యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే అది జరిగినప్పుడు మనం దిగుమతి చేసుకున్న ప్రతి పేరానూ కళ్లతో చదివి చూసుకోవడం అతి జాగ్రత్త కాదు. పంక్తుల మధ్య ఎడం కూడా ఇంగ్లిష్‌కు సరిపోయేది మనకు చాలదు. పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఫొటోషాప్‌లో సర్దిన ఎడం డిజైన్ ఫైలులోకి వచ్చేసరికి మారిపోతుంది, ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. అందుకే మేమిప్పుడు కథ వచనాన్ని పీఎస్‌డీలో పెట్టనే పెట్టం. బొమ్మలో దానికి ఖాళీ స్థలం వదలమని మాస్టారికి చెబుతాం. వచనం విడిగా యూనికోడ్ టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి గానీ, రామభద్ర గానీ, స్వేచ్ఛగా వాడుకోగల ఫాంట్‌తో దాన్ని తెరలోనే పేరుస్తాం. పాత అను వచనాన్ని కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు గానీ ఆ తర్వాత ప్రూఫ్ చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

ఇంత చెప్పాక, "మొత్తం ఫ్లాటెన్ చేసి, అంటే ఒకే పొరగా కలిపేసి, ఒక్క పీఎన్‌జీ ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందిగా" అనే మాటకు నా సమాధానం ఇవ్వాలి. కదలని దానికి అది చాలా మంచి సలహా. జామ చెట్టు వెనకాల ఉన్న పొలం, కొండ, ఆకాశం కలిపి మాస్టారు 90 లేయర్లు వేశారు. మా తెరలో అవి ఎప్పుడూ కదలవు. ఒక్కటిగా కలిపేశాను. లేయర్లు ఎక్కువ ఉండటమే మంచి ఫైలు అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రతి లేయర్ దగ్గరా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇది కదులుతుందా? ఇది మారుతుందా? దీన్ని పిల్లలు తాకుతారా? మూడింటికీ కాదు అని వస్తే పక్కదానితో కలిపేస్తాను. ఒక్కదానికి అవును అని వచ్చినా విడిగా ఉంచుతాను, దాని వెనకాల ఉన్నది పూర్తిగా గీయించుకుంటాను. 212 లేయర్లు చివరికి 23 అయ్యాయి.

ఆ మూడు ప్రశ్నలకు జవాబులు బొమ్మ గీసిన తర్వాత వెతుక్కుంటే నాలుగు రోజులు పడుతుంది. గీయక ముందు అయితే అరగంట. మన తోలుబొమ్మలాట కళాకారులకు ఇది తెలుసు. నిమ్మలకుంటలో చేసే బొమ్మలను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. తల, చేతులు, కాళ్లు వేరు వేరు తోలు ముక్కలు. భుజం దగ్గర ఒక ముక్క మీద ఇంకో ముక్క కొంత మేర ఎక్కి ఉంటుంది, అక్కడ దారంతో వదులుగా కడతారు. చేయి పైకి లేచినా భుజం దగ్గర సందు కనిపించదు. ఆ చేయి లేస్తుందని తోలు కత్తిరించే రోజునే తెలుసు కాబట్టి అలా కత్తిరిస్తారు. చిలక రెక్కకూ అదే సూత్రం. రెక్క మొదలు ఒంటి కిందికి ఇంకాస్త లోపలి దాకా గీసి ఉండాలి, లేకపోతే రెక్క తిరిగినప్పుడల్లా సందులోంచి ఆకాశం కనిపిస్తుంది.

డబ్బు గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాట పడతారు, ముఖ్యంగా మాస్టారి తరం వాళ్లు. "బొమ్మకు ఇంత" అని ఒక్క అంకె చెబుతారు. వెనకాల గీయడం, రెక్క మొదలు పొడిగించడం, నీడలు నార్మల్‌లో మళ్లీ వేయడం, పేర్లు పెట్టడం, ఇవన్నీ ఆ అంకెలోనే కలిసిపోతాయి. అంటే ఉచితం. ఉచితంగా చేసే పనిని ఎవరూ మనసుపెట్టి చేయలేరు. వాళ్ల పొట్ట నిండాలిగా. మాతో ఇంతకుముందు పనిచేసిన ఒక సంస్థ కొటేషన్‌లోంచి ఈ పద్దును కొట్టేసి, "ఫైలు ఇచ్చేదే కదా" అన్నది. ఆ ఫైలును వాళ్ల డెవలపర్లు రెండు వారాలు విప్పుకుంటూ కూర్చున్నారు. ఆ రెండు వారాల జీతాలు బొమ్మ గీసినవాళ్లకు ఇవ్వాల్సిన దాని కంటే ఎక్కువే అయి ఉంటాయి. ఇప్పుడు నేను రాసే ప్రతి కొటేషన్‌లో "తెరకు ఫైలు సిద్ధం చేయడం" అని విడి పద్దు ఉంటుంది. బొమ్మ ధరలో నాలుగో వంతు. బేరం ఆడితే బొమ్మల సంఖ్య తగ్గిస్తాను గానీ ఆ పద్దును తీయను. మాస్టారు మొదట వద్దన్నారు. "పేర్లు రాసినందుకు కూడా డబ్బులేంటమ్మా" అన్నారు. తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాను.

రెండో విడత మొదలయ్యే ముందు ఏలూరు వెళ్లాను. ఆయన వాకిట్లో కూర్చుని కథ మొత్తం కాగితం మీద పెన్సిల్‌తో గీసుకున్నాం. కదిలే వాటికి ఎర్ర స్కెచ్‌పెన్‌తో చుట్టూ గీత, ఏ వైపు కదులుతుందో బాణం. అరగంట అనుకున్నది గంటన్నర పట్టింది, మధ్యలో టిఫిన్ పెట్టారు కాబట్టి. మొదటి కథ బొమ్మను కూడా మళ్లీ చేసిస్తానన్నారు. వద్దు, నేను అతుకు వేశాను, ఎవరికీ తెలియదు అన్నాను. "నాకు తెలుసుగా," అన్నారు.

పది రోజులకు ఆ మొదటి కథ ఫైలు మళ్లీ వచ్చింది. 26 లేయర్లు. ఆర్‌జీబీ. నీడలన్నీ నార్మల్‌లో. పేర్లన్నీ మేం అనుకున్నట్టే. దిగుమతి చేస్తే ఒక్కటీ చెదరలేదు. లెక్క ప్రకారం కొమ్మ మీద చిలక వెనకాల ఉండాల్సింది కొమ్మ ఒక్కటే. కానీ లేయర్ల జాబితాలో నేను అడగని పేరు ఒకటి కనిపించింది. ప్రోటోటైప్ నడిపించి చిలకను నొక్కాను. చిలక ఎగిరిపోయింది. అది ఇంతసేపూ కప్పి ఉంచిన చోట, ఆకుల మధ్య, ఒక పక్క కొరికేసి లోపలి గులాబీ రంగు గుజ్జు కనిపిస్తున్న జామకాయ వేలాడుతోంది. లేయర్ పేరు చిలక్కొట్టిన కాయ.